ఇంటి పైకప్పు, ఎండ, తెలుగు మాట: ఉష్ణనిరోధంపై ఒక వివరణ

వ్యాససంగ్రహం

వేసవిలో ఇంటిని చల్లగా ఉంచుతాయంటూ తెలుగు ప్రాంతాల్లో అమ్ముడవుతున్న పూతలు, పలకలు, రేకులు అన్నీ ‘కూలింగ్’ అనే ఒక్క మాట కింద చలామణి అవుతున్నాయి. వేడిని తిప్పికొట్టడం, అడ్డుకోవడం, ఆలస్యపరచడం అనేవి మూడు భిన్నమైన పనులు. మన పాత ఇళ్ల కప్పులు ఈ మూడింటినీ వేరువేరు పాళ్లలో చేశాయి. వాటికి సంబంధించిన పదజాలం కూడా భాషలో ఉంది. కాంక్రీటు స్లాబు వచ్చాక ఆ పనులతో పాటు వాటి తేడా కూడా మరుగున పడింది. ఈ తేడాను సులువైన లెక్కల సాయంతో వివరించడం, పాత కప్పులను ఆ లెక్కల్లో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉష్ణనిరోధం, పైకప్పు, మట్టిమిద్దె, పూరిల్లు, స్లాబు, వృత్తిపదాలు.

1. వేడికి ఉన్న పేర్లు

భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు వేడి ప్రయాణించే మార్గాలను ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అని మూడుగా చెబుతాయి. ఇవి శాస్త్రం కోసం తయారుచేసుకున్న మాటలు. అయితే వీటికన్నా ఎంతో ముందే తెలుగువారు ఈ మూడింటినీ ఒంటితో గుర్తించి పేర్లు పెట్టుకున్నారు. పొయ్యికి దూరంగా కూర్చున్నా ముఖానికి తగిలేది సెగ. గాలితో పాటు వచ్చి కొట్టేది వడ. కాగిన బండ మీద అడుగు పెట్టినప్పుడు కాళ్లకు తగిలేది చురక. వికిరణం, సంవహనం, వహనం అనే వరుసకు ఈ మూడు మాటలూ దాదాపుగా సరిపోతాయి. ఇవికాక నాలుగోది ఉక్క. అది వేడి ప్రయాణించే మార్గం కాదు. గాలిలో తేమ నిండి చెమట ఆరకపోవడం వల్ల కలిగే బాధ. ‘ఎండగా ఉంది’ అన్న మనిషే మరుక్షణంలో ‘ఎండ లేదు గాని ఉక్కగా ఉంది’ అనగలుగుతున్నాడంటే, ఆ తేడాను భాష ఎంత స్పష్టంగా పట్టుకుందో గమనించవచ్చు.

‘వడదెబ్బ’ అనే మాట మాత్రం మన ఆలోచనను ఒక వైపుకే మళ్లించింది. ఆ మాట వినగానే పొలంలో పనిచేసే కూలీ, రోడ్డు మీద నడిచే బాటసారి మనసులో మెదులుతారు. 2015 మే నెల వడగాల్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అధికభాగం రెండు తెలుగు రాష్ట్రాలవారే. అటువంటి రోజుల్లో ప్రభుత్వాలు చేసే మొదటి హెచ్చరిక ‘బయటికి వెళ్లకండి’ అన్నదే. సలహా మంచిదే, కాని లోపల ఉన్న ఇల్లు ఎటువంటిదన్న ప్రశ్న అందులో లేదు. పగలంతా కాగిన శరీరం రాత్రిపూట తేరుకోవాలి. ఆ తేరుకునే గడువు దొరకనప్పుడు వృద్ధులకు, పసిపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవారికి ఇంటి లోపలే ప్రమాదం ఏర్పడుతుంది. రాత్రి పదిగంటలకు పై అంతస్తు గదిలో పడుకున్నవారి మీదికి స్లాబు నుంచి దిగేది సెగ. ఫ్యాను ఆ సెగను ఆపలేదు, గదిలోని వెచ్చని గాలినే తిప్పుతుంది.

2. ఊకలో ఐసుగడ్డ

ఉష్ణనిరోధం అంటే ఏమిటో చెప్పడానికి ఐసు అమ్మేవారి బండి చాలు. ఐసుగడ్డను వరిఊకలో గాని రంపపుపొట్టులో గాని కప్పి, పైన గోనెపట్టా పరుస్తారు. ఊకకు చల్లదనం లేదు. అది ఐసును చల్లబరచదు. బయటి వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు, అంతే. అదే ఊకను వేడి అన్నపుగిన్నె చుట్టూ పోస్తే అన్నం చాలాసేపు వేడిగా ఉంటుంది. మిన్నెసోటాలోనో టొరంటోలోనో ఉంటున్న తెలుగువారి ఇళ్లలో అటక మీద మందంగా పరచిన గాజుదూది చలికాలంలో చేసే పని ఇదే. అక్కడ లోపలి వేడి బయటికి పోకూడదు, ఇక్కడ బయటి వేడి లోపలికి రాకూడదు. పదార్థానికి దిశతో పని లేదు.

ఊక, గడ్డి, దూది, థర్మోకోల్ వంటివాటిలో పనిచేసేది నిజానికి వాటిలో చిక్కుకున్న గాలి. కదలకుండా నిలిచిన గాలి ఉష్ణవాహకత సుమారు 0.026. థర్మోకోల్ పలకకు ఇది 0.035 నుంచి 0.04 వరకు, గడ్డికప్పుకు 0.07 దగ్గర, మట్టికి 0.5 దగ్గర, ఉక్కుచువ్వలు వేసిన కాంక్రీటుకు 1.58గా తీసుకుంటారు. నీటికి ఇది 0.6. అంటే గాలి నిండవలసిన రంధ్రాల్లో నీరు నిండితే అక్కడ వేడి ఇరవై రెట్లకు పైగా సులువుగా ప్రయాణిస్తుంది. తడిసిన దుప్పటి చలిని ఎందుకు ఆపదో, వానకు నానిన ఉష్ణనిరోధక పొర ఎందుకు పనికిరాదో ఈ రెండు అంకెల్లోనే ఉంది.

ఇక్కడ పరిభాష గురించి ఒక మాట. పాఠ్యపుస్తకాలు ఇటువంటి పదార్థాన్ని ‘ఉష్ణబంధకం’ అంటున్నాయి. విద్యుద్బంధకం అనే మాటకు అనుసరణగా వచ్చిన పదం ఇది. బంధించడం అంటే లోపల కట్టిపడేయడం అని స్ఫురించడం వల్ల, చలిదేశపు ఇంటికి అది సరిపోయినట్లు వేడిదేశపు ఇంటికి సరిపోదని నా అభిప్రాయం. ‘ఇంటికి ఉష్ణబంధకం వేయించండి’ అంటే వేడిని ఇంట్లో బంధించమన్నట్టుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఉష్ణనిరోధం అనే మాటనే వాడుతున్నాను.

3. తేడా, నిరోధం, కాలం

పైకప్పు గుండా గదిలోకి ఎంత వేడి దిగుతుందో లెక్కకట్టడానికి ముందుగా ప్రతి పొర నిరోధాన్ని తెలుసుకోవాలి. పొర మందాన్ని మీటర్లలో తీసుకొని దాని ఉష్ణవాహకతతో భాగిస్తే నిరోధం వస్తుంది. 12 సెంటీమీటర్ల స్లాబుకు ఇది 0.076 మాత్రమే. కప్పుకు పైనా కిందా అంటుకొని ఉండే పలుచని గాలిపొరల నిరోధం రెండూ కలిపి 0.21. అంటే స్లాబు ఇంట్లో కాంక్రీటుకన్నా ఆ గాలిపొరలే ఎక్కువగా అడ్డుకుంటున్నాయన్నమాట. మొత్తం నిరోధంతో ఒకటిని భాగిస్తే వచ్చేది యు-విలువ. స్లాబుకు అది సుమారు 3.5. ఒక చదరపు మీటరు కప్పు గుండా, ఒక డిగ్రీ తేడాకు, 3.5 వాట్ల వేడి ప్రవహిస్తుందని దీని అర్థం.

ఈ అంకెను ఇంటి స్థాయికి తెద్దాం. నూరు గజాల కప్పు అంటే సుమారు 84 చదరపు మీటర్లు. ఎండ ప్రభావాన్ని కూడా కలుపుకొని కప్పు బయటివైపుకూ గదికీ 25 డిగ్రీల తేడా ఉందనుకుంటే, నిలకడ స్థితి లెక్కలో ఏడు కిలోవాట్లకు పైగా వేడి లోపలికి దిగుతుంది. ఒక కిలోవాటు హీటర్లు ఏడింటిని సీలింగుకు వేలాడదీసి వెలిగించినట్టు. అదే స్లాబు మీద ఐదు సెంటీమీటర్ల థర్మోకోల్ జాతి పలక పరిస్తే యు-విలువ 0.6 దగ్గరికి, దిగే వేడి ఒకటింబావు కిలోవాట్ల దగ్గరికి వస్తాయి. ఏసీ ఉన్న ఇంట్లో ఇది కరెంటు బిల్లులో కనిపిస్తుంది. ఏసీ లేని ఇంట్లో నిద్రలో కనిపిస్తుంది.

పై లెక్కలో మూడు అంశాలు ఉన్నాయి. ఒకటి, బయటికీ లోపలికీ ఉన్న తేడా. తెల్లపూత తగ్గించేది దీన్నే. ఎండలో అధికభాగాన్ని తిరిగి ఆకాశంలోకి పంపి, కప్పు ఉపరితలమే అంతగా కాగకుండా చేస్తుంది. రెండు, నిరోధం. థర్మోకోల్, గాజుదూది, గడ్డి పెంచేది దీన్ని. లెక్కలో నేరుగా కనిపించని మూడోది కాలం. బరువైన, మందమైన కప్పు వేడిని ముందు తనలో నిలవ చేసుకొని ఆ తరువాత లోపలికి పంపుతుంది. 12 సెంటీమీటర్ల కాంక్రీటులో ఈ ఆలస్యం మూడు గంటల దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం రెండుగంటల తీవ్రత సాయంత్రం ఐదింటికి లోపలికి చేరి, స్లాబు పూర్తిగా చల్లారేదాకా అర్ధరాత్రి వరకూ కొనసాగుతుంది. మనుషులు ఇంటికి చేరే వేళ అదే.

4. పాత కప్పుల లెక్క

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాల్లో వ్యవసాయ సంపుటం (1962) తరువాత గృహనిర్మాణానికీ ఒక సంపుటాన్ని బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వెలువరించింది. వృత్తిపదాలను మాండలిక భేదాల కోసం, వ్యుత్పత్తుల కోసం మాత్రమే చదివే అలవాటు మన పరిశోధనలో స్థిరపడింది. కాని కప్పుకు సంబంధించిన పదాలను అడుగునుంచి పైకి వరుసగా పేర్చి చదివితే అవి ఒక నిర్మాణ క్రమాన్ని, ఆ క్రమం వెనక ఉన్న ఉష్ణజ్ఞానాన్ని చెబుతాయి.

రాయలసీమ మట్టిమిద్దెను తీసుకుందాం. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపైన కట్టెలు గాని బండలు గాని, ఆపైన ఆకో రెమ్మలో పరిచి, దానిమీద మట్టి తొక్కి, చివర చవుడు పోస్తారు. పొరల పేర్లు, వాడే ఆకులు ఊరిని బట్టి మారతాయి. వరుస మాత్రం పెద్దగా మారదు. మట్టిపొర అడుగు మందం ఉందనుకుంటే దాని నిరోధం 0.6. గాలిపొరలను కలుపుకొంటే మొత్తం 0.8 దాటుతుంది. యు-విలువ 1.2 దగ్గర తేలుతుంది. కేంద్రప్రభుత్వం 2018లో నివాస భవనాల కోసం వెలువరించిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు నిర్దేశించిన గరిష్ఠ యు-విలువ కూడా 1.2. ఇది కాకతాళీయమే కావచ్చు. అయినా నేటి నియమావళి కోరుకునే గీటురాయిని పేరు తెలియని మిద్దెపనివారి కప్పు అందుకోగలిగిందన్నది గమనించదగినది. స్లాబు మాత్రం ఆ గీటుకు మూడురెట్ల దూరంలో ఆగిపోయింది.

చవుడు సంగతి ఇంకా ఆసక్తికరం. పంట పండని నేలను చవుడు నేల అంటాం. సోడియం ఎక్కువగా ఉన్న ఆ మన్ను తడిసినప్పుడు దానిలోని బంకకణాలు విడివడి, ఉబ్బి, సందులను పూడ్చేస్తాయి. నీరు కిందికి ఇంకదు. పొలంలో శాపమైన ఈ గుణమే మిద్దె మీద వరమైంది. చవుడు పైనీటిని ఆపడం వల్లనే కింది మట్టి పొడిగా ఉంటుంది, పొడిగా ఉన్న మట్టే వేడిని ఆపుతుంది. ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు కొత్తగా పోయడం కేవలం కారకుండా చేసుకునే మరమ్మతు కాదు, ఉష్ణనిరోధాన్ని నిలబెట్టుకునే పని కూడా. గోడల్లో కిటికీలు తక్కువగా ఉన్నా, కప్పులో వదిలిన గవాక్షి వెలుతురునిచ్చి, పైకి చేరిన వెచ్చని గాలిని బయటికి పంపేది.

అడుగు మట్టి చేసే ఆలస్యం పది గంటలకు పైమాటే. పగటి తీవ్రత అర్ధరాత్రి దాటాక గాని లోపలికి చేరదు, చేరేసరికి చాలా బలహీనపడుతుంది. ఆ వేళకు ఇంటివారు లోపల ఉండేవారు కాదు. వేసవి రాత్రుల్లో మిద్దె మీదో, వాకిట్లో నులకమంచం మీదో ఆరుబయట పడుకునేవారు. ఇల్లు పగటికి, ఆరుబయలు రాత్రికి అన్న ఏర్పాటులో ఆలస్యం ఒక సుగుణం. తలుపులు మూసి గదిలోనే పడుకోవలసిన నేటి అపార్టుమెంటు జీవితంలో, పొట్టి ఆలస్యం చేసే స్లాబు కింద, అదే గుణం శిక్షగా మారింది. పాత ఇంటి ప్రశంసలో ఈ పడక అలవాటును వదిలేసి గోడలను, కప్పును మాత్రమే మెచ్చుకోవడం అసంపూర్ణం.

కేవలం నిరోధమే కొలమానమైతే అన్నింటికన్నా ముందుండేది పూరిల్లు. పదిహేను సెంటీమీటర్ల గడ్డికప్పు నిరోధం రెండు దాటుతుంది, యు-విలువ 0.45కు లోపే. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లలో చూరు నేలకు చేరువగా దిగి గోడకు నీడపట్టడమే కాక, గుండ్రని ఆకారం తుపాను గాలికి ఎదురు నిలవకుండా తప్పుకుంటుంది. ఇంత మంచి కప్పును మనుషులు ఎందుకు వదులుకున్నారన్న ప్రశ్నకు జవాబు పూరింట్లో బతికినవారికి తెలుసు. ఒక్క నిప్పురవ్వకు వాడంతా తగలబడేది. ఏటేటా గడ్డి మార్చాలి. వానకు కారుతుంది, పురుగూ పుట్రా చేరతాయి. పైగా పూరిల్లు అనేది పేదరికానికి, కులానికి గుర్తుగా నిలిచింది. డాబా వేసుకోవడం కేవలం సౌకర్యం కోసం కాదు, అదొక గౌరవం. ఆ ఆకాంక్షను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. విచారించవలసిందల్లా, గడ్డికప్పును తీసేసి స్లాబు వేసినప్పుడు గడ్డి చేసిన పనిని మరెవరికి అప్పగించామన్నదే. ఎవరికీ అప్పగించలేదు.

పెంకుటింటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కూనపెంకైనా బెంగుళూరు పెంకైనా పలుచనిది. త్వరగా కాగుతుంది, త్వరగా చల్లారుతుంది. దాని సుఖమంతా ఎత్తైన కప్పులో, పెంకుల సందుల్లోంచి జారిపోయే గాలిలో, కింద అడ్డుగా ఉన్న అటకలో, మండువా చుట్టూ తిరిగే నీడలో ఉంది.

5. ‘కూలింగ్’ పేరుతో

నేటి బజారులో ‘కూలింగ్ పెయింటు’, ‘కూలింగ్ టైల్స్’, ‘కూలింగ్ షీట్లు’ పక్కపక్కనే దొరుకుతాయి. మొదటి రెండూ ప్రధానంగా తిప్పికొట్టేవి, మూడోది సాధారణంగా అడ్డుకునేది. అమ్మేవారికి ఈ తేడాతో పని లేదు. కొనేవారికి మాత్రం ఉంది.

తెల్లపూత చవకైనది, వెంటనే ఫలితమిస్తుంది. హైదరాబాదు మహానగర ప్రాంతంలోని వాణిజ్య భవనాలపై జరిగి 2012లో ప్రచురితమైన అధ్యయనంలో, నల్లని కప్పును తెల్లగా మార్చినప్పుడు చల్లదనానికి వాడే విద్యుత్తు 14 నుంచి 26 శాతం, పూత లేని కాంక్రీటు కప్పును తెల్లగా మార్చినప్పుడు 10 నుంచి 19 శాతం తగ్గినట్లు తేలింది. అయితే దుమ్ము, నాచు చేరినకొద్దీ తెలుపు తన పని మరచిపోతుంది. కడగడం, మళ్లీ పూయడం తప్పదు. వేసవికి ముందు డాబా మీద సున్నం కొట్టే పాత అలవాటులో ఈ పునరావృతి ముందే ఇమిడి ఉంది.

నిరోధక పొరను నిపుణుల చేత వేయించుకునేవారు పదార్థం పేరుకన్నా పొరల వరుసను అడిగి తెలుసుకోవాలి. పలకను స్లాబు పైన పరచడం, కింద ఫాల్స్ సీలింగులో పెట్టడం ఒకటి కావు. పైన ఉంటే స్లాబే కాగదు. రోజూ వ్యాకోచించి సంకోచించే బాధ తగ్గి పగుళ్లు కూడా తగ్గుతాయి. కింద పెడితే గదిలోకి దిగే వేడి తగ్గుతుంది గాని స్లాబు మాత్రం ఎండలోనే కాగుతూ ఉంటుంది. పైన వేసేటప్పుడు నీరు నిలవకుండా వాలు, నీరు ఇంకకుండా పొర, నడకకు తట్టుకునే పైకప్పడం ఉండాలి. వీటిలో ఏది లోపించినా రెండు వానాకాలాల్లో ఖర్చు వృథా అవుతుంది. పిట్టగోడ మొదట్లో పలక ఆగిపోయి కాంక్రీటు బయటపడిన చోట వేడి దారి చేసుకుంటుంది. చవుడు విషయంలో మిద్దెపనివారు తెలుసుకున్న సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: ముందు నీటిని ఆపాలి, అప్పుడే వేడి ఆగుతుంది.

నిరోధానికి పరిమితులు కూడా ఉన్నాయి. అది రెండువైపులా అడ్డమే కనుక, రాత్రి కిటికీలు తెరవని ఇంట్లో వంట, మనుషులు, యంత్రాలు పుట్టించిన వేడి కప్పు గుండా బయటికి పోవడం కూడా నెమ్మదిస్తుంది. జాతీయ భవన నియమావళి వాతావరణ విభజనలో హైదరాబాదు మిశ్ర వాతావరణంలో, విజయవాడ, విశాఖపట్నం వెచ్చని తేమ వాతావరణంలో చేరాయి. మొదటిదానికి ప్రధాన శత్రువు ఎండ, వడ. రెండోదానికి వాటితో పాటు ఉక్క. ఏ పలకా ఉక్కను తగ్గించలేదు. తీరప్రాంతంలో కప్పుకు నిరోధం ఎంత అవసరమో, గదికి ఎదురెదురు కిటికీలు అంతకన్నా అవసరం.

6. ఆరువందల గజాల గీత

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన శీతల పైకప్పుల విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఎండను తిప్పికొట్టేవిగా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలూ ఆపైన స్థలంలో కట్టే నివాసాలకు ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. కేంద్రం ఎకో నివాస్ సంహిత వర్తించే స్థలం హద్దు 500 చదరపు మీటర్లు. గజాల్లోకి మార్చితే అది కూడా దాదాపు 600. అమలు సౌలభ్యం కోసం ఎక్కడో ఒకచోట గీత గీయవలసి ఉంటుంది, నిజమే. ఆ గీత కింద మిగిలిపోయినవి మాత్రం అరవై గజాల ఇళ్లు, పై అంతస్తులో అద్దెకుండే కుటుంబాలు, సిమెంటు రేకుల షెడ్లు. అద్దెదారు తనది కాని కప్పు మీద ఖర్చు పెట్టడు. యజమాని తాను పడుకోని గది కోసం పెట్టడు.

రేకుల కప్పు స్లాబుకన్నా పలుచన. నిరోధం దాదాపు శూన్యం, ఆలస్యమూ లేదు. ఎండ ఎక్కిన క్షణమే సెగ దిగుతుంది. దీనికి విరుగుడు మన పల్లెల్లో ఇప్పటికీ ఆచరణలో ఉంది, అయితే ఇళ్ల మీద కాదు. కోస్తా జిల్లాల కోళ్లఫారాల్లో ఏప్రిల్ రాగానే రేకుల మీద వరిగడ్డి మందంగా పరుస్తారు, కొన్నిచోట్ల దాన్ని నీళ్లతో తడుపుతారు, మరికొన్నిచోట్ల రేకులకు తెల్లసున్నం కొడతారు. పొడిగడ్డి అడ్డుకుంటుంది, తడిగడ్డి ఆవిరి రూపంలో వేడిని తీసుకుపోతుంది, సున్నం తిప్పికొడుతుంది. కోడి చనిపోతే నష్టం ఆ సాయంత్రానికే లెక్కకు వస్తుంది కనుక ఫారం యజమాని మూడు పనుల తేడాను ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు. అదే ఫారంలో పనిచేసే కుటుంబం పక్కనే ఉండే రేకుల గది మీద ఆ గడ్డి కనిపించడం అరుదు.